ఆగస్టు పదిహేడున మా కారు

ద్వారక, న్యూఢిల్లీ
అక్టోబరు 6

అనసూయా,

మీ ఇంటి నుంచి వచ్చాక ఇదే మొదటి ఉత్తరం. ఫోను చేస్తే నీ చెవిమిషను కుయ్యిమంటుంది, మెసేజీలు కొట్టడానికి నాకు వేళ్ళు తిరగవు. మనిద్దరికీ ఈ స్పీడ్ పోస్టే గతి.

ఇక్కడ ఏం జరుగుతోందో నాకు అర్థం కావడం లేదు. వరసగా రాస్తాను, నీకైనా అర్థమవుతుందేమో చూడు.

పోయిన వారం ఫోనుకి చలాను వచ్చింది. ఆగస్టు పదిహేడు ఆదివారం పొద్దున్న ఎనిమిదీ నలభైకి, ఊరికి ఆ చివరన ఉన్న ఇందిరాపురంలో మా కారు ఎర్రలైటు దాటి వెళ్ళిందట. ఫొటో కూడా పెట్టారు. తెల్లకారు, వెనక నుంచి. నంబరు మాదే. ఆ పొద్దున్న నేనెక్కడున్నాను? సామర్లకోటలో మీ వంటింట్లో కూర్చుని బూరెలకి పూర్ణం ఉండలు చేస్తున్నాను, నువ్వేమో పెద్దవైపోతున్నాయని నన్ను సతాయిస్తున్నావు. మీ అన్నయ్య ఆఫీసు పనిమీద గువాహటిలో ఉన్నారు. కారు ఇక్కడ మా బ్లాకు కింద కవరు కప్పుకుని ఉంది. మరి ఇందిరాపురం ఎవరు వెళ్ళారు?

అదిలా ఉండగా ఇన్సూరెన్సు గడువు దగ్గర పడిందని ఫోను చేశాను. ఏటా మనం ఏ క్లెయిమూ చేయలేదని కొంత తగ్గిస్తారు కదా, ఈసారి తగ్గించరట. ఎందుకమ్మా అంటే, "ఆప్‌కే ఊపర్ ఏక్ క్లెయిమ్ పెండింగ్ హై" అంది ఆ పిల్ల. మా మీద క్లెయిమేమిటి, ఎవరు చేశారు, ఎక్కడ? "మేడమ్, సిస్టమ్‌లో అంతే చూపిస్తోంది" అని సంగీతం పెట్టింది. ఇరవై నిమిషాలు ఆ సంగీతం విన్నాను. తర్వాత ఇంకో అబ్బాయి వచ్చి మొదటి నుంచి చెప్పమన్నాడు.

ఎవడో దొంగ మా నంబరు తన కారుకి తగిలించుకుని తిరుగుతున్నాడని నా అనుమానం. ఈ ఊళ్ళో ఆశ్చర్యమేం లేదు. నిన్న నేనెక్కిన క్యాబువాడు ఫోనులో క్రికెట్ చూస్తూ నడిపాడు. "భయ్యా, రోడ్డు చూడు" అంటే, "ఈ ఓవరు అయిపోనివ్వండి ఆంటీ" అన్నాడు.

వింతేమిటంటే మీ అన్నయ్యకి చీమ కుట్టినట్టయినా లేదు. కరెంటు బిల్లులో తప్పు పడిందని ఎనిమిది నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి, "చలాను కట్టేస్తే పోతుంది, వదిలెయ్" అంటున్నారు. మార్చిలో రిటైరవుతున్నారు కదా, ఓపిక తగ్గిందేమో. నేను మాత్రం వదలను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పావు. పోలీసులకి, ఇన్సూరెన్సు వాళ్ళకి గట్టిగా ఒక కంప్లైంటు రాసి పంపు. సంతకం నేను చేస్తాను.

మీ ఆయన మోకాలు ఎలా ఉంది?

నీ వదిన
అన్నపూర్ణేశ్వరి


సామర్లకోట
అక్టోబరు 13

ప్రియమైన వదినకి,

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. కంప్లైంటు రాసి దీంతో పెట్టాను, నాలుగు పేజీలు వచ్చింది. మూడో పేజీలో "ఆ సమయమందు ఈ వాహన యజమానురాలు వెయ్యి మైళ్ళ దూరంలో ఉన్నది" అన్న వాక్యం నాకే బాగా నచ్చింది. దాన్ని మాత్రం తీసెయ్యకు. అవసరమైతే నేనే వచ్చి సాక్ష్యం చెబుతాను. పూర్ణం ఉండల సంగతి కూడా చెబుతాను, నిజంగానే పెద్దవయ్యాయి.

అన్నయ్య మాట పట్టించుకోకు. చిన్నప్పుడూ అంతే, వీధిలో గొడవైతే పుస్తకం పట్టుకుని లోపలికి పోయేవాడు. నువ్వు ఊరుకుంటే రేపు ఆ దొంగవాడు ఎవరినో గుద్ది పోతాడు, ఆ పాపం మీ మెడకి చుట్టుకుంటుంది.

మా ఆదిత్య మీ ఇంటికి వస్తున్నాడా? ఆదివారం భోజనానికి రమ్మని నువ్వు పిలవడం, వాడు రావడం మామూలే కదా. ఈ మధ్య మెసేజికి ఒక ముక్క జవాబిస్తే గొప్ప. ఆఫీసులో పనెక్కువంటాడు. కొత్త ఉద్యోగం, పైగా ఇందిరాపురంలో ముగ్గురు కుర్రాళ్ళతో ఒక ఫ్లాటు, ఏం తింటాడో ఏమో. వాడి ఒంట్లో బాగుందో లేదో చూసి రాయి.

ఉంటాను వదినా. పోరాడు.

అనసూయ


ద్వారక
అక్టోబరు 28

అనసూయా,

నీ కంప్లైంటు ఇచ్చేశాను. పోలీసు స్టేషన్లో ఆ సబ్‌ఇన్‌స్పెక్టరు మొదటి పేజీ చదివి, "మాతాజీ, అంగ్రేజీ బహుత్ అచ్ఛీ హై" అని నీ ఇంగ్లీషుని మెచ్చుకుని రెండో పేజీ తిప్పకుండానే ముద్ర వేశాడు. ఇన్సూరెన్సు వాళ్ళకి మాత్రం కాయితం పనికిరాదట, ఫారం కంప్యూటర్లోనే నింపాలట. అందులో 'ప్రమాద సమయంలో డ్రైవరు పేరు' అని ఒక గడి ఉంది. మా కారు అక్కడ లేదు మహాప్రభో, డ్రైవరెక్కడి నుంచి వస్తాడు? ఖాళీగా వదిలితే ఫారం ముందుకు పోదు. మూడుసార్లు మొదటి నుంచి నింపాను, మూడుసార్లూ అక్కడే ఆగింది.

తర్వాత వాళ్ళే ఒక మనిషిని విచారణకి పంపారు. ఆయన చెప్పింది ఇదీ. ఆ రోజు ఆ సిగ్నలు దగ్గరే, ఆ కారు ఒక స్కూటీని గుద్దిందట. నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోతున్న నర్సట ఆవిడ, పేరు మార్త. కాలి ఎముక విరిగి రాడ్డు వేశారట. మందుల దుకాణంవాడు కారు నంబరు రాసిపెట్టుకున్నాడట. నువ్వు రాసినట్టే అయింది చూడు.

ఆయన కిందికి వెళ్ళి కారు చూశాడు. ముందు ఎడమ వైపు వేలితో రుద్ది, "ఇక్కడ రంగు కొత్తది మేడమ్" అన్నాడు. నేను ఎప్పుడూ గమనించలేదు. సాయంత్రం మీ అన్నయ్యని అడిగాను.

"పార్కింగులో ఎవరో గీశారు, చేయించాను" అన్నారు.

"నాకు చెప్పలేదేం?"

"చెప్పేంత విషయమా?"

ఆ మాట పేపరు వెనక నుంచి అన్నారు. నిజంగా చెప్పేంత విషయం కాదేమో. కానీ నాకు ఏదీ దేనితోనూ అతకడం లేదు.

ఆదిత్య సంగతి అడిగావు. శ్రావణం తర్వాత ఆదివారాలు రావడం మానేశాడు. దీపావళికి గట్టిగా పిలిస్తే వచ్చాడు. చిక్కాడు. భోజనం దగ్గర ఈ కారు గోలంతా చెప్పి, "చూడరా, మీ అమ్మ ఎంత బాగా రాసిందో" అని కంప్లైంటు నకలు చూపించాను. రెండు పేజీలు చదివాడు. పాయసం గిన్నె అలాగే వదిలేసి, ఆఫీసు నుంచి పిలుపొచ్చిందని వెళ్ళిపోయాడు. పండగ పూట ఏం ఆఫీసులో! పిల్లలు లేని ఇంట్లో వాడొక్కడు వచ్చి కూర్చుంటేనే నాకు పండగ. సగం పాయసం చూస్తే మనసు అదోలా అయింది.

ఆవిడ అడ్రసు ఆ విచారణ మనిషి కాయితంలో చూసి రాసుకున్నాను. వెళ్ళి కలవాలనుకుంటున్నాను. ఇద్దరం కలిసి వెతికితే ఆ దొంగ దొరక్కపోతాడా?

నీ వదిన


సామర్లకోట
నవంబరు 4

పూజ్యులైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది. మేము క్షేమం.

కారు విషయం ఇక వదిలివేయడం మంచిదని నా ఉద్దేశం. అన్నయ్య చెప్పినట్టు చలాను కట్టేయండి. పోలీసులు, కోర్టులు మనలాంటి వాళ్ళకి పడవు. ఆ కంప్లైంటు నేను ఆవేశంలో ఏదో రాశాను, అది కూడా వెనక్కి అడగకండి, అలాగే పడి ఉండనివ్వండి. మీరు కొత్తగా ఏమీ చేయవద్దు. ముఖ్యంగా ఆ నర్సుగారి ఇంటికి వెళ్ళవద్దు. మనకి ఆవిడతో ఏం పని?

చలి మొదలై ఉంటుంది. ఆరోగ్యం చూసుకోండి.

ఇట్లు
అనసూయ


ద్వారక
నవంబరు 14

అనసూయా,

నువ్వు నన్ను 'మీరు' అని ఎప్పుడు అన్నావో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. నా పెళ్ళిలో, మొదటి రోజు. రెండో రోజు నుంచి లేదు. 'పోరాడు' అన్నదానివి మూడు వారాలకి 'వదిలివేయండి' అన్నావు. నేను ఏదైనా తప్పుగా రాశానా అని నా ఉత్తరం నకలు కోసం వెతికాను, నకలు తీసుకోలేదు. మీ అన్నయ్యని అడిగితే, "దానికి తోచింది రాసింది" అన్నారు. ఆ ఉత్తరం ఆయనకి చూపించకముందే అందులో ఏముందో ఆయనకి తెలిసినట్టు అనిపించింది.

నీ ఉత్తరం రావడానికి ముందురోజే నేను ఆవిడ ఇంటికి వెళ్ళొచ్చాను.

మెట్రోలో వైశాలి దాకా, అక్కడి నుంచి ఈ-రిక్షా. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఎనిమిదో తరగతి పిల్ల తలుపు తీసి "కౌన్?" అంది. లోపలి నుంచి "ఎవరమ్మా షాలోమూ?" అని తెలుగు వినబడింది. అంతసేపూ హిందీలో ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటూ వెళ్ళాను, అందులో ఒక్క ముక్కా అక్కర్లేకపోయింది.

మార్తది రేపల్లె దగ్గరట. నలభై దాటి ఉంటాయి. మంచం మీద కాలు దిండు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. మూడు నెలలుగా జీతం లేదట. "మీరు మనోళ్ళేనా అండీ, కూకోండి" అని కూతురి చేత టీ పెట్టించింది. నేను ఆ టీ తాగుతూ, మా కారు కాదమ్మా అది, ఎవడో దొంగనంబరు పెట్టుకున్నాడు, మీరు పొరబడ్డారు అని చెప్పాను. చలాను, కంప్లైంటు, అన్నీ చూపించాను.

ఆవిడ అన్నీ ఓపిగ్గా చూసి, "అట్టాగా అండీ. అయితే ఆ కుర్రోడు మీవోడు కాదన్నమాట" అంది.

"ఏ కుర్రవాడు?"

"తెలుగోడే అండీ. కింద పడ్డప్పుడు నేను 'యేసయ్యా' అని అరిచాను. ఆ పిల్లోడు దిగి పరిగెత్తుకొచ్చి, 'ఆంటీ సారీ ఆంటీ, కాలు కదపకండి' అని తెలుగులోనే ఏడ్చాడు. వాడే ఆటో ఎక్కించాడు."

"తర్వాత?"

"తర్వాత లేడండి."

ఇంటికి వచ్చి మా గేటు దగ్గర ఆగాను. ఆగస్టు రిజిస్టరు కావాలంటే గార్డు భయ్యా లోపలి నుంచి తెచ్చిచ్చాడు. బయటికి వెళ్ళే ప్రతి బండినీ, నడిపేవాళ్ళ పేరునూ రాస్తారు అందులో. నేను ఎప్పుడూ చూడాలని ఎందుకు అనుకోలేదో తెలియదు. కారు మా కింద ఉందని అంత నమ్మకం. ఆగస్టు పదహారు, సాయంత్రం ఆరుంపావు, మా కారు బయటికి. మర్నాడు ఉదయం పదకొండింటికి లోపలికి. పక్కన పేరు ఉంది.

ఆ పేరు నువ్వే ఏరి కోరి పెట్టావు, అనసూయా. బారసాలనాడు బియ్యంలో రాసింది మీ అన్నయ్య.

మీ అన్నయ్యని ఇంకా ఏమీ అడగలేదు. ముందు నిన్ను అడుగుతున్నాను. నీకు ఎప్పుడు తెలుసు?

అన్నపూర్ణ


సామర్లకోట
నవంబరు 21

వదినా,

దీపావళి మర్నాడు తెలిసింది. నువ్వు నమ్మినా నమ్మకపోయినా, ఆ కంప్లైంటు రాసేనాటికి నాకేమీ తెలియదు. అది చదివి వాడు నాకు మెసేజి పెట్టాడు. "అమ్మా, ఆ దొంగ నేనే" అని. మా వీధరుగు మీద కూర్చుని ఆ ముక్క ఎన్నిసార్లు చదివానో.

నాకు తెలిసిందంతా రాస్తాను. వారం పైగా కారు కదలకపోతే బ్యాటరీ దిగిపోతుందని, ఊరికి పోతూ అన్నయ్య వాడికి తాళం ఇచ్చాడు. సొసైటీ గేటు లోపలే ఒక రౌండు తిప్పమన్నాడు. వాడికి నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సే ఉంది. ఒంటరిగా రోడ్డెక్కకూడదు. స్నేహితులకి చూపించుకోవాలని ఎక్కాడు. గుద్దాక అన్నయ్యకి ఫోను చేసి, పెద్దగా ఏమీ తగల్లేదు, ఆవిడ లేచి వెళ్ళిపోయింది అని అబద్ధం చెప్పాడు. అన్నయ్య నమ్మాడు. లేక నమ్మాలనుకున్నాడు. నాకు తెలియదు. అప్పుడు రంగు వేయించాడు. నీకు చెప్పకపోవడానికి కారణం ఒక్కటే, చెబితే నువ్వు ఊరుకోవు.

మా ఆయనకి నేను ఇంకా చెప్పలేదు. పక్కగదిలో కూర్చుని నిన్ను వంచించే ఉత్తరం రాశాను. 'మీరు' అని రాసింది గౌరవంతో కాదు, నువ్వు అని రాయడానికి చెయ్యి రాక.

సిగ్గు విడిచి అడుగుతున్నాను. ఆ కంప్లైంటు అలాగే ఉండనీ. కారు దొంగనంబరుదే అనుకోనీ. ఆవిడకి వైద్యానికి, ఇంటికి కావలసింది మేము పంపుతాం, ఎవరు పంపారో తెలియకుండా చర్చి ద్వారానో ఎలాగో. వాడికి ఇరవైనాలుగేళ్ళు. ఇప్పుడు కేసు పడితే ఉద్యోగం ఉంటుందా? అన్నయ్య రిటైరుమెంటు కాయితాలు కదులుతాయా? పరీక్షలో పక్కవాడి పేపరు చూసిన పిల్లల్ని ఎండలో నిలబెట్టిన టీచర్నే నేను. ఇప్పుడు ఇలా అడుగుతున్నాను. తప్పని తెలిసే అడుగుతున్నాను. తల్లిని కాకపోతే ఏం చేసేదాన్నో నాకు తెలియడం లేదు.

నీ చేతిలో ఉంది.

అనసూయ


ద్వారక
డిసెంబరు 12

అనసూయా,

ఇన్నాళ్ళూ జవాబు రాయనిది కోపంతో అని అనుకుని ఉంటావు. కోపమో, జాలో, రెండూ కలిసిన ఇంకేదో నాకు తెలియలేదు. పొద్దున్న ఒకలా, సాయంత్రం ఒకలా ఉండేది. కలం పట్టుకుంటే ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక పక్కన పెట్టేసేదాన్ని.

నువ్వు అడిగింది నేను చేయలేదు.

మీ అన్నయ్య ముందు రిజిస్టరు ఫొటో, నీ ఉత్తరం పెట్టాను. చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "రిటైరయ్యే దాకానే కదా అనుకున్నాను పూర్ణా" అన్నారు. మార్చి దాకా దాచితే చాలు, తర్వాత చెబుదామని. "నువ్వు పోలీసుల దాకా పోతావని అనుకోలేదు" అన్నారు. ఇరవైతొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన నా గురించి అనుకోనిది అదొక్కటేనా అని అడిగాను. ఇప్పటికీ మేము ఉప్పు అందుకో, తలుపు వెయ్యి అనే మాటలే మాట్లాడుకుంటున్నాం.

కానీ ఆలోచిస్తే నేను చేసింది మాత్రం తక్కువా? కాలు విరిగిన మనిషి మంచం పక్కన కూర్చుని, ఆవిడ ఇచ్చిన టీ తాగుతూ, నువ్వు పొరబడ్డావని చెప్పాను. ఎవరి అబద్ధమైనా దాని కింద సంతకం నాది. అందుకే కంప్లైంటు వెనక్కి తీసుకున్నాను. సబ్‌ఇన్‌స్పెక్టరు, "మాతాజీ, మొదట ఇది, ఇప్పుడు ఇది, ఏది నిజం?" అన్నాడు. ఇదే అన్నాను. మీ అన్నయ్య పక్కనే నిలబడి, తాళం ఇచ్చింది నేనే అని రాసిచ్చారు. ఆయన అడక్కుండానే వచ్చారు, అది మాత్రం నీకు చెప్పాలి.

ఆదిత్యని పిలిచి, నువ్వే వెళ్ళి చెబుతావా, నేను చెప్పనా అన్నాను. రెండు రోజులు ఫోను కట్టేశాడు. మూడోరోజు తనే వచ్చి, "నేనే చెబుతాను అత్తయ్యా" అన్నాడు. కేసు రాశారు, జామీను మీద వదిలారు. ఆఫీసులో తనే చెప్పాడట, ఇంకా ఏమీ తేల్చలేదు. పూర్తి లైసెన్సు లేని మనిషి నడిపాడు కనుక ఇన్సూరెన్సు వాళ్ళు ముందు ఆవిడకి కట్టి, తర్వాత మా దగ్గర వసూలు చేసుకునేలా కోర్టు తేల్చవచ్చని వకీలు అంటున్నాడు. అలా అయితే కారు అమ్మేస్తాం. దాన్ని చూస్తే నాకు ఎలాగూ ఎక్కబుద్ధి కావడం లేదు.

అసలు రాయవలసింది ఇది. కిందటి శనివారం వాణ్ణి మార్త ఇంటికి తీసుకెళ్ళాను.

వాడు గుమ్మం దగ్గరే నిలబడిపోయి, "ఆంటీ, నేనే" అన్నాడు.

"తెలుసు. గొంతు గుర్తుంది" అంది ఆవిడ. అరవలేదు. కూర్చోమంటే వాడు కూర్చోలేదు.

"ఆటో ఎక్కించి ఏమన్నావు నాతో?"

"కారు పక్కన పెట్టి వెనకే వస్తానన్నాను."

"ఎమర్జెన్సీలో ఉన్నది నాతో పనిచేసే పిల్లలే. 'తోడు ఎవరొచ్చారు దీదీ?' అని అడిగారు. తెలుగు పిల్లోడు, బండి పెట్టి వస్తన్నాడు అని చెప్పా. ఎక్స్‌రేకి తోసుకుపోతంటే కూడా, ఐదు నిమిషాలు ఆగండి, ఆ పిల్లోడు వచ్చి నన్ను ఎతుక్కుంటాడు అన్నా. వాళ్ళు ఒకరి మొకం ఒకరు చూసుకున్నారు. కాలు నొప్పి కంటే అదే ఎక్కువ గుర్తొస్తంది నాకు."

వాడు ఏడుస్తూ, "ఆస్పత్రి గేటు దాకా వచ్చాను ఆంటీ. అక్కడ పోలీసుని చూసి తిరిగిపోయాను" అన్నాడు.

"గేటు దాకా వచ్చినోడివి నాకెట్టా తెలుస్తది?"

షాలోమ్ తల్లి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ పిల్లకి తెలుగు మాట్లాడడం రాదు కానీ అన్నీ అర్థమవుతున్నాయి. వాణ్ణి క్షమించమని అడుగుదామని నేను నోరు తెరిచాను. మార్త నా వైపు తిరిగి, "రోజూ ప్రార్థన చేసుకుంటన్నానండీ. క్షమించే మనసు నాకు ఇంకా రాలేదు. వచ్చినప్పుడు నేనే చెబుతా" అంది.

మేము లేచేటప్పుడు వాడితో అంది: "సోమవారం ఫిజియోథెరపీ ఉంది. మూడంతస్తులు దిగాలంటే మనిషి పట్టుకోవాలి. షాలోమ్‌కి బడి. తొమ్మిదికి రా. ఆటోలో పోదాం."

వాడు సోమవారం వెళ్ళాడు. ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టాడు. నిన్న మార్తకి ఫోను చేస్తే ఆవిడే చెప్పింది. ఎనిమిదీ నలభైకే తలుపు బయట చెప్పుల చప్పుడు వినబడిందట. బడికి తయారవుతున్న పిల్ల కిటికీలోంచి చూసి, "మమ్మీ, వో ఆ గయా" అందట, వాడు వచ్చేశాడని. తలుపు తీయబోతే మార్త వద్దందట. గంట మోగలేదు, వాడూ కదల్లేదు. లోపల ఆవిడ గడియారం వైపు చూస్తూ, బయట వాడు మెట్ల మీద నిలబడి, ఇరవై నిమిషాలు.

తొమ్మిది కొట్టాక, ఆవిడే కర్ర పట్టుకుని నడిచి వెళ్ళి తలుపు తీసిందట.

నీ వదిన
అన్నపూర్ణ